టర్ముకు 15 డాలర్లు: మన హాస్టల్ నేర్చుకోవలసిన లెక్క

వార్షికోత్సవం వచ్చిందంటే మన హాస్టల్‌కు పండుగే. వారం ముందు నుంచే గోడలకు సున్నం పడుతుంది, గేటుకు మామిడి తోరణం కడతారు, స్టడీ అవర్‌లో కూడా పాటల ప్రాక్టీసే నడుస్తుంది. మేము, అంటే ఇదే హాస్టల్లో ట్రంకు పెట్టె తల దగ్గర పెట్టుకొని పడుకొని చదువుకున్న పాత విద్యార్థులం, ఏ ఊళ్లో ఉన్నా ఆ రోజుకు బస్సెక్కి వచ్చేస్తాం. మాలో టీచర్లున్నారు, కానిస్టేబుళ్లున్నారు, ఆర్టీసీ కండక్టర్లున్నారు, ప్రైవేటు కంపెనీల్లో నెల జీతానికి పనిచేసేవాళ్లున్నారు. వచ్చి శాలువాలు కప్పించుకుంటాం. నాలుగు మంచి మాటలు చెప్తాం. తమ్ముళ్లతో కలిసి భోజనం చేసి వెళ్తాం. సంచికకు ఏదైనా రాయమంటే "ఈ హాస్టల్ మాకు కన్నతల్లి" అని రాసిస్తాం. ఈసారి అలా రాయబుద్ధి కాలేదు. ఎందుకో ముందు చెప్పుకోవాలి.

కిందటి వార్షికోత్సవానికి మేమంతా చందాలు వేసుకున్నాం. షామియానా, మైకు సెట్టు, షీల్డులు, అతిథులకు శాలువాలు, మా ఫొటోలతో పెద్ద పెద్ద ఫ్లెక్సీలు. ఫ్లెక్సీలకే ఆరు వేలు అయింది. సభ ముగిసి కుర్చీలు సర్దుతుంటే ఒక తమ్ముడు మమ్మల్ని పక్కకు పిలిచాడు. టెన్త్ దాకా ఇక్కడే చదివి, బయట ఒక ప్రైవేటు కాలేజీలో ఇంటర్ పాసయ్యాడు. డిగ్రీలో సీటు వచ్చింది. మన వార్షికోత్సవం ఆగస్టులో కాబట్టి అది అడ్మిషన్ల కాలం. కాలేజీవాళ్లు టీసీ ఇవ్వడం లేదు. స్కాలర్‌షిప్ డబ్బులు ఇంకా పడలేదు, ముందు నువ్వు కట్టు, పడ్డాక తీసుకో అంటున్నారట. "అన్నా, నాలుగు వేల అయిదు వందలు కావాలి. నాలుగు రోజులే టైముంది" అన్నాడు. అడిగేటప్పుడు మా ముఖం చూడలేదు, నేల చూశాడు.

"చూద్దాం తమ్ముడూ, వాట్సాప్ గ్రూపులో పెడతాం" అన్నాం. పెట్టాం కూడా. ముప్పై మందికి పైగా చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. "తప్పకుండా చేద్దాం" అన్నారు. ఎవరి దగ్గర కట్టాలి, ఎంత కట్టాలి, ఎవరు తీసుకెళ్లి ఇవ్వాలి అని తేలేసరికి, డబ్బు చేతికొచ్చేసరికి తొమ్మిది రోజులు పట్టింది. అప్పటికే గడువు దాటిపోయింది. ఆ తమ్ముడు ఇప్పుడు హైదరాబాదులో సెంట్రింగ్ పనికి వెళ్తున్నాడు. అతని టీసీ ఖరీదు కంటే మా ఫ్లెక్సీల ఖరీదు ఎక్కువ. ఈ మాట రాయడానికి మాకు సిగ్గుగా ఉంది. అయినా రాస్తున్నాం, ఎందుకంటే మాకు మనసు లేక ఇది జరగలేదు. మన దగ్గర ఏర్పాటు లేదు.

ఏర్పాటు ఉంటే చిన్న మొత్తం ఎంత పని చేస్తుందో తెలుసుకోవడానికి ఒక విదేశీ కథ చెప్పుకుందాం. ఇది కల్పన కాదు, జరిగినదే.

హిల్డె బ్యాక్ అనే ఆవిడ 1922లో జర్మనీలో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. 1933లో హిట్లర్ అధికారంలోకి వచ్చాక యూదు పిల్లలకు బడి తలుపులు ఒక్కొక్కటే మూసేశారు. పుట్టుకను బట్టి, నువ్వు ఈ బెంచీ మీద కూర్చోకూడదు అన్నారు. మన తాతలకు ఈ మాట కొత్త కాదు. హిల్డె చదువు కూడా అక్కడే ఆగిపోయింది. ఇరవై ఏళ్లు నిండకముందే స్వీడన్ దేశానికి శరణార్థిగా చేరుకున్నారు. తల్లిదండ్రులు మాత్రం నాజీల చేతుల్లో ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఒంటరిగా మిగిలిన ఆవిడ స్వీడన్‌లోనే బతుకు కట్టుకొని, చిన్నపిల్లల బడిలో టీచరు అయ్యారు. వెస్టెరోస్ అనే పట్టణంలో సాదా జీవితం గడిపారు. పిల్లలు లేరు. ఆస్తిపాస్తులు లేవు.

1970ల్లో ఆవిడ ఒక స్పాన్సర్‌షిప్ పథకంలో చేరారు. దూరదేశాల్లో ఒక పిల్లవాడిని ఎంచుకొని, వాడి బడి ఫీజు కట్టే పథకం అది. ఆవిడ వాటాకు ఆఫ్రికాలో కెన్యా దేశపు పిల్లవాడు వచ్చాడు. కెన్యాలో బడి ఏడాదికి మూడు టర్ములు. టర్ముకు సుమారు 15 డాలర్లు. ఒక బడిపంతులమ్మ తన జీతంలోంచి తీసి పంపగలిగిన డబ్బు. పంపారు. ఏదో గొప్ప పని చేస్తున్నానని ఆవిడ అనుకోలేదు.

ఆ పిల్లవాడి పేరు క్రిస్ ఎంబురు. కాఫీ తోటలుండే కియాంబు ప్రాంతంలో ఒక పేద ఇంట్లో పుట్టాడు. క్లాసులో ముందుండేవాడు, కానీ ఇంట్లో ఫీజు కట్టే స్తోమత లేదు. ఫీజు కట్టని పిల్లవాడిని ఇంటికి పంపేస్తారు. ఆ టర్ముకు 15 డాలర్లు రావడం వల్ల అతను బడిలో నిలబడ్డాడు. తర్వాత నైరోబీ విశ్వవిద్యాలయంలో లా చదివాడు. అక్కడి నుంచి అమెరికాలో హార్వర్డ్ లా స్కూలుకు వెళ్లాడు. ఐక్యరాజ్యసమితిలో మానవ హక్కుల విభాగంలో ఉద్యోగి అయ్యాడు. మనుషులను పుట్టుకను బట్టి వేరుచేసే వివక్షకు వ్యతిరేకంగా పనిచేయడం ఆయన ఉద్యోగంలో భాగమైంది.

మిత్రులారా, ఇక్కడ ఆగి ఒకటి గమనించండి. పుట్టుక కారణంగా చదువు పోగొట్టుకున్న ఒక స్త్రీ, ఎన్నడూ చూడని ఒక పిల్లవాడికి ఫీజు కట్టింది. ఆ పిల్లవాడు పెద్దవాడై, పుట్టుకను బట్టి మనిషిని తక్కువ చేసే పద్ధతి మీదనే పోరాడే పనిలో చేరాడు. ఆవిడ ఎవరో, ఆవిడ వెనక ఏం జరిగిందో అతనికి చాలాకాలం దాకా తెలియనే తెలియదు. స్వీడన్‌లో ఎవరో కలిగినవాళ్లు పంపుతున్నారనుకున్నాడు.

పెద్దవాడయ్యాక క్రిస్ ఎంబురు చేసిన పని మనకు ముఖ్యం. తనలాంటి పిల్లలు ప్రాథమిక బడి దాటి సెకండరీ ఫీజు దగ్గర ఆగిపోతున్నారని చూసి, తోటివాళ్లను కలుపుకొని 2001లో ఒక చిన్న నిధి పెట్టాడు. దానికి తన పేరు పెట్టుకోలేదు. తల్లిదండ్రుల పేరు పెట్టలేదు. నాయకుడి పేరు పెట్టలేదు. తనకు ఫీజు కట్టిన ఆ తెలియని మనిషి పేరు పెట్టాడు: హిల్డె బ్యాక్ ఎడ్యుకేషన్ ఫండ్. ఆవిడ ఆచూకీ కోసం స్వీడన్ రాయబార కార్యాలయం సాయం అడిగాడు. ఆవిడ బతికే ఉన్నారని తెలిసింది. కబురు అందినప్పుడు ఆవిడ ఆశ్చర్యపోయారు. ఎప్పుడో చేసిన అంత చిన్న పనికి ఇంత జరిగిందా అనుకున్నారు. 2003లో, ఎనభై దాటిన వయసులో, కెన్యాకు వెళ్లారు. ఊరు ఊరంతా పాటలతో ఎదురొచ్చింది. ఈ కథనంతా జెన్నిఫర్ ఆర్నాల్డ్ అనే దర్శకురాలు "ఎ స్మాల్ యాక్ట్" పేరుతో డాక్యుమెంటరీగా తీశారు. 2010లో అది అమెరికాలో సన్‌డాన్స్ చిత్రోత్సవంలో మొదటిసారి ప్రదర్శించారు. చూసినవాళ్లలో చాలామంది ఆ నిధికి చందాలు పంపారు. హిల్డె బ్యాక్ 2021లో, 98 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఈ కథ చదివి కళ్లు తుడుచుకుంటే సరిపోదు. ఇందులో ఉన్న లెక్క ఏమిటో చూడాలి. మాకు మూడు సంగతులు కనిపించాయి.

మొదటిది, మొత్తం చిన్నది, కానీ క్రమం తప్పలేదు. ఒకసారి లక్ష రూపాయలిచ్చి ఫొటో దిగి వెళ్లిపోవడం కాదు. ఫీజు ఎప్పుడు కట్టాలో అప్పుడు, ప్రతి టర్ముకూ, డబ్బు అక్కడుంది. మా తమ్ముడి విషయంలో మేము ఓడిపోయింది ఇక్కడే. మేము పోగుచేసిన మొత్తం సరిపోయింది, రోజులు సరిపోలేదు. పేదవాడి చదువుకు ఆలస్యంగా వచ్చిన వెయ్యి కంటే వేళకు వచ్చిన వంద ఎక్కువ.

రెండోది, మధ్యలో ఒక ఏర్పాటు ఉంది. వెస్టెరోస్‌లో ఉన్న టీచరమ్మకు కియాంబులో ఉన్న పిల్లవాడి ఇల్లు తెలియదు. డబ్బు తీసుకునేవాళ్లు, లెక్క రాసేవాళ్లు, బడికి చేర్చేవాళ్లు ఉన్నారు కాబట్టి అది జరిగింది. వాట్సాప్ గ్రూపును మేము ఏర్పాటు అనుకున్నాం. అది మాటలు చెప్పుకునే రచ్చబండ మాత్రమే.

మూడోది, తీసుకున్నవాడు తర్వాత ఇచ్చేవాడయ్యాడు. బాకీ తీర్చినట్టు హిల్డెకు డబ్బు తిరిగి పంపలేదు, తన వెనక వచ్చే పిల్లలకు ఇచ్చాడు. పాత విద్యార్థులమైన మాకు ఇదే సూటిగా తగిలిన సంగతి.

అయితే ఈ కథలో తియ్యదనం ఒక్కటే లేదు. చేదు కూడా ఉంది. అది కూడా చెప్పుకోకపోతే మనం మోసపోతాం.

నిధి చిన్నది, పిల్లలు చాలామంది. ఎవరికివ్వాలి? ఆ సినిమాలో ఒకే బడికి చెందిన ముగ్గురు పిల్లలు ఆ స్కాలర్‌షిప్ కోసం కష్టపడి చదవడం చూస్తాం. అప్పట్లో కెన్యాలో ఎనిమిదో తరగతి చివర జాతీయ పరీక్ష ఉండేది, 500 మార్కులకు. 2023తో ఆ పరీక్షకు స్వస్తి చెప్పారు. ఆ మార్కులే పిల్లవాడి తలరాత. దీపం వెలుతురులో, ఇంటి పని చేసుకుంటూ చదివిన పిల్లకూ, పట్నంలో ట్యూషన్లతో చదివిన పిల్లకూ కొలబద్ద ఒక్కటే. మార్కుల గీత దాటనివాళ్లకు సాయం లేదు. మంచి మనసుతో పెట్టిన నిధి కూడా కొందరి ముఖం మీద తలుపు వేయక తప్పలేదు. దీన్ని మేము తప్పు పట్టడం లేదు. పది మందికి సరిపోయే అన్నం వంద మంది ముందు పెట్టినప్పుడు వడ్డించేవాడి బాధ ఎలా ఉంటుందో మన మెస్‌లో గరిటె పట్టినవాళ్లందరికీ తెలుసు.

ఇంకొకటి. 2007 చివర కెన్యాలో ఎన్నికల తర్వాత తెగల పేరుతో అల్లర్లు చెలరేగాయి. వెయ్యి మందికి పైగా చనిపోయారు. లక్షల మంది ఇళ్లు వదిలి పారిపోయారు. ఆ సినిమా తీస్తున్న రోజులవే. చదువు చెప్పించే నిధి ఎందుకు అవసరమో చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. కానీ అలాంటి మంటను ఒక చిన్న నిధి ఆర్పలేదనడానికి కూడా అదే రుజువు.

ఇక్కడే మా మిత్రుల్లో కొందరు ఒక ప్రశ్న వేస్తారు. నిధి అనే మాట రాగానే అడ్డం తిరుగుతారు. "హాస్టల్ ప్రభుత్వం బాధ్యత. స్కాలర్‌షిప్ మన హక్కు. మనం జేబులోంచి తీసి కడుతూ పోతే, ప్రభుత్వం చేతులు దులుపుకుంటుంది. రేపు దుప్పట్లు కూడా పాత విద్యార్థులే కొనివ్వండి అంటారు" అని వాళ్ల వాదన. ఇది తీసిపారేయవలసిన వాదన కాదు. మేము చాలాసేపు దీని మీద తర్జనభర్జన పడ్డాం.

కెన్యానే చూడండి. 2003లో అక్కడి కొత్త ప్రభుత్వం ప్రాథమిక బడుల్లో ఫీజు ఎత్తేసింది. ఆ ఒక్క నిర్ణయంతో పది లక్షల మందికి పైగా కొత్త పిల్లలు బడికి వచ్చారు. 2004లో కిమాని మరుగె అనే 84 ఏళ్ల తాత కూడా, చిన్నప్పుడు దొరకని చదువు ఇప్పుడు ఉచితమని విని, నిక్కరు తొడుక్కొని వెళ్లి ఒకటో తరగతిలో కూర్చున్నాడు. ప్రపంచంలోని చిన్న నిధులన్నీ కలిసినా ఒక్క ఏడాదిలో అంత పని చేయలేవు. కాబట్టి మా మిత్రులు చెప్పేది నిజం. అందరికీ చదువు అనేది ప్రభుత్వం మాత్రమే చేయగల పని. దాన్ని అడిగి, పోరాడి సాధించుకోవాలి.

కానీ అదే కెన్యాలో, ప్రాథమిక బడి ఉచితమయ్యాక కూడా, సెకండరీ ఫీజు గోడలా నిలబడింది. ప్రభుత్వ పథకం ఒక మెట్టు మీద ఆగుతుంది, తర్వాతి మెట్టు ఇంకా కట్టి ఉండదు. ఆ రెండు మెట్ల మధ్య సందులో పిల్లలు పడిపోతారు. మన తమ్ముడు పడింది కూడా ఆ సందులోనే. స్కాలర్‌షిప్ అతని హక్కే. అది ఏదో ఒక రోజు వస్తుంది. ఆ రోజుకు అతను కాలేజీలో ఉండడు, సెంట్రింగ్ పలకల మీద ఉంటాడు. హక్కు చేతికి వచ్చేదాకా మనిషి నిలబడి ఉండాలి కదా! నిలబెట్టే పని మనది.

బాబాసాహెబ్ అంబేద్కర్ జీవితం కూడా మనకు ఈ రెండు సంగతులూ చెప్తుంది. 1913లో ఆయన అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లింది బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన నెలకు 11.50 పౌండ్ల స్కాలర్‌షిప్ మీద. చదువయ్యాక పదేళ్లు బరోడా సంస్థానంలో పనిచేయాలని ఒప్పందం. 1917లో ఆ మాట నిలబెట్టుకోవడానికి బరోడా వెళ్లారు. కొలంబియాలో చదివిన మనిషికి ఆ పట్నంలో ఉండటానికి గది దొరకలేదు. పార్శీల సత్రంలో తలదాచుకుంటే, కులం తెలిసి కర్రలు పట్టుకొని వచ్చి వెళ్లగొట్టారు. డబ్బిచ్చిన దాత ఉన్నాడు, చదువు ఉంది, ఉద్యోగం ఉంది, తల దాచుకునే చోటు మాత్రం లేదు. తర్వాత 1920లో మళ్లీ లండన్ వెళ్లడానికి ఆయన తన జీతంలో దాచుకున్నదానికి, కొల్హాపూర్ శాహూ మహారాజు చేసిన సాయం, స్నేహితుడు నావల్ భతేనా ఇచ్చిన అప్పు కలిశాయి.

అందుకే కాబోలు, ఆయన పెట్టిన బహిష్కృత హితకారిణి సభ మొదట తలపెట్టిన పనుల్లో ఒకటి హాస్టల్. 1925లో షోలాపూర్‌లో తెరిచారు. చందాలతో నడిచిన చిన్న హాస్టల్. అక్కడితో ఆగలేదు. 1944లో, ఆయన వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో సభ్యుడిగా ఉన్న కాలంలో, షెడ్యూల్డు కులాల విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పులు మొదలయ్యాయి. చందా హాస్టల్‌కూ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌కూ ఆయన మధ్య గోడ కట్టలేదు. ఒక చేత్తో వెంటనే చేయగలిగింది చేశారు, రెండో చేత్తో హక్కును కాగితం మీదికి తెచ్చారు. మనం ఈ రోజు తింటున్న అన్నం ఆ రెండు చేతుల పని.

నిధి విషయంలో మాకున్న భయం ఇంకొకటుంది. అది దాత ముఖం గురించి. విదేశాల్లో పిల్లల చదువుకు చందాలు వసూలు చేసే సంస్థల కరపత్రాలు మీరు చూసే ఉంటారు. చినిగిన చొక్కా, కారుతున్న ముక్కు, పెద్ద పెద్ద కళ్లు. పిల్లవాడి పేదరికాన్ని బొమ్మగా పెట్టి డబ్బు అడగడం. దాతకు జాలి కలుగుతుంది, చందా వస్తుంది. కానీ ఆ పిల్లవాడు పెద్దవాడై ఆ బొమ్మ చూసుకుంటే ఏమనుకుంటాడు? మన హాస్టల్‌కు కూడా అలాంటి సార్లు వస్తుంటారు. ఒక్కో పిల్లవాడికి ఒక నోటుపుస్తకం ఇస్తారు, ఇచ్చేటప్పుడు ఇద్దరూ కెమెరా వైపు చూడాలి. పుస్తకం పట్టుకొని నవ్వమంటారు. ఆ నవ్వు నవ్విన మాకు దాని రుచి తెలుసు. హిల్డె బ్యాక్ గొప్పతనం అంతా ఆవిడ ఇచ్చిన దానిలోనే లేదు. ఇచ్చి ఏమీ అడగకపోవడంలో ఉంది. ఆ పిల్లవాడు ఏమయ్యాడో కూడా తెలియకుండా ఎన్నో ఏళ్లు గడిపారు. దానం ఇచ్చిన చెయ్యి పైన, పుచ్చుకున్న చెయ్యి కింద ఉండే పద్ధతి మనకు వద్దు. ఆ పైన, కింద అనే లెక్క నుంచి బయటపడటానికే మన అమ్మానాన్నలు మనల్ని ఇక్కడికి పంపారు.

కెన్యావాళ్ల భాషలో ఒక మాటుంది, "హరాంబే". అందరం కలిసి లాగుదాం అని అర్థం. స్వాతంత్ర్యం వచ్చాక ఊళ్లకు ఊళ్లు హరాంబే పేరుతో చందాలు వేసుకొని బడులు కట్టుకున్నాయి. అంతకు ముందే, 1959లో టామ్ ఎంబోయా అనే కార్మిక నాయకుడు అమెరికా తిరిగి, అక్కడి మామూలు మనుషుల దగ్గర కూడా చందాలు పోగుచేసి, 81 మంది విద్యార్థులను ఒకే విమానంలో అమెరికా కాలేజీలకు పంపించాడు. తర్వాతి ఏళ్లలో ఇంకా వందల మంది వెళ్లారు. 1960లో అలా వెళ్లినవాళ్లలో ఒక అమ్మాయి వంగారి మాతాయ్. తిరిగొచ్చి 1977లో చెట్లు నాటే ఉద్యమం మొదలుపెట్టింది, 2004లో నోబెల్ శాంతి బహుమతి అందుకుంది. లాగే తాడుకు అందరి చేతులూ సమానమే. ముందున్న చెయ్యి, వెనకున్న చెయ్యి ఉంటాయి గాని, పై చెయ్యి, కింది చెయ్యి ఉండవు. మనకు కావలసిన నిధి అలాంటిది.

ఇక మా ప్రతిపాదన చెప్తాం. పాత విద్యార్థులందరినీ, ఇప్పుడు ఉంటున్న తమ్ముళ్లనూ దీని మీద అభిప్రాయం చెప్పమని అడుగుతున్నాం.

పాత విద్యార్థి ఒక్కొక్కరు నెలకు వంద రూపాయలు. ఎక్కువ ఇవ్వగలిగినవాళ్లు కూడా ఇందులో వందే ఇవ్వాలి, ఎందుకంటే ఎక్కువ ఇచ్చినవాడు తర్వాత మాట ఎక్కువ చెప్తాడు. డబ్బు ఒకరి సొంత ఖాతాలో కాకుండా ముగ్గురి సంతకాలతో నడిచే ఖాతాలో ఉండాలి. జమ, ఖర్చు ప్రతి నెలా మొదటి ఆదివారం హాస్టల్ నోటీసు బోర్డు మీద అంటించాలి. ఎంత వచ్చింది, ఎంత పోయింది అని ఉండాలి, ఎవరికి పోయింది అన్నది ఉండకూడదు.

అడిగిన పిల్లవాడికి మూడు రోజుల్లో అవునో కాదో చెప్పాలి. అవును అంటే అయిదో రోజుకు డబ్బు కాలేజీలో కట్టి ఉండాలి. మార్కులు ఒక్కటే కొలత కాకూడదు. కెన్యా కథ మనకు నేర్పిన చేదు పాఠం అది. అవసరం ఎంత, గడువు ఎంత దగ్గర అన్నవి ముందు చూడాలి. నిర్ణయం చేసే అయిదుగురిలో ఇద్దరు ప్రస్తుత విద్యార్థులుండాలి. ఎవరికి నిజంగా అవసరమో పక్క మంచం మీద పడుకునేవాడికి తెలిసినట్టు ఊరి నుంచి వచ్చే మాకు తెలియదు.

ఈ డబ్బు దేనికి వాడకూడదో కూడా ముందే రాసుకోవాలి. మెస్ బిల్లుకు, దుప్పట్లకు, ట్యూబ్‌లైట్లకు, బాత్రూం తలుపులకు ఒక్క రూపాయి కూడా వాడకూడదు. అవి ప్రభుత్వం ఇవ్వవలసినవి. వాటికోసం అర్జీ రాద్దాం. వార్డెన్ సారుతో కలిసి అధికారుల దగ్గరికి వెళ్దాం. ఇవ్వకపోతే గేటు ముందు కూర్చుందాం. టీసీ ఆపిన కాలేజీ దగ్గరికి కూడా పిల్లవాడిని ఒంటరిగా పంపకుండా మాలో ఇద్దరం వెంట వెళ్లాలి. ముందు హక్కు అడగాలి. గడువు ముంచుకొస్తుంటేనే నిధి తలుపు తట్టాలి.

తీసుకున్నవాడు తిరిగి కట్టనక్కర్లేదు. సభలో లేచి నిలబడి చప్పట్లు కొట్టించుకోనక్కర్లేదు. ఉద్యోగం వచ్చాక, మనసుంటే, తన వంద తను వేస్తాడు. అంతే.

వార్షికోత్సవం మానెయ్యమని మేము అనడం లేదు. పాటలుండాలి, ఆటలుండాలి, ఆ రోజు మాంసం కూర ఉండాలి. మా ముఖాలతో ఫ్లెక్సీలు మాత్రం ఈ ఏడు లేవు, మీరు గమనించే ఉంటారు. ఆ ఆరు వేలు నిధికి మొదటి జమ.

ప్రస్తుతం ఇక్కడున్న తమ్ముళ్లకు ఒక మాట. అడిగేటప్పుడు నేల చూడకండి. మీరు అడిగేది ముష్టి కాదు. మాకు ముందు ఈ గదుల్లో ఉన్నవాళ్లు ధర్నాలు చేసి, ఆకలికి ఓర్చి, మా కోసం కొంత దారి వేశారు. మేము నడిచాం. మీ కోసం ఇంకాస్త వేయడం మా వంతు. మీ వెనక వచ్చేవాళ్లకు వేయడం మీ వంతు.

సెంట్రింగ్ పనికి వెళ్లిన తమ్ముడికి మొన్న ఫోన్ చేశాం. ఈ వ్యాసం రాస్తున్నామని చెప్పి, పేరు లేకుండా నీ సంగతి రాయొచ్చా అని అడిగాం. "రాయండన్నా, ఇంకొకడికైనా పనికొస్తుంది" అన్నాడు. వచ్చే జూన్‌లో అడ్మిషన్లు మొదలవుతాయి. టీసీ డబ్బు ఈసారి ముందే సిద్ధంగా ఉంటుందని చెప్పాం. కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "డేట్ ఎప్పుడో కనుక్కొని చెప్పండన్నా, మేస్త్రికి ముందే చెప్పి వస్తా" అన్నాడు.

ఆ డేట్ దాటిపోకూడదు. మా మాట అదొక్కటే.

- పూర్వ విద్యార్థుల బృందం